ఆగ్నేయంలో స్టీరింగు: అమీర్‌పేటలో నాలుగు రోజులు

మా కాకినాడ జెట్టీ నుంచి అమీర్‌పేట వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, అక్కడేం చూశారో వచ్చి చెప్పినవాళ్లు లేరు. కంప్యూటరు కోర్సుకి వెళ్లిన పిల్లలు ఫోన్లో "బాగానే ఉంది" అంటారు, అక్కడితో సరి. పడవ పనిమీద అమీర్‌పేట వెళ్లినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అయ్యుంటాను. సముద్రానికి అంత దూరంలో, బకెట్టులో తప్ప నీళ్లు కనబడని చోట, పడవకి స్టీరింగు ఎక్కడుండాలో తేల్చుకోవడానికి వెళ్లాను. వినేవాళ్లకి నవ్వొస్తుంది. నాకూ వచ్చింది, కాకపోతే కొన్ని నెలలు ఆలస్యంగా.

నేను ఇరవై ఆరేళ్లు మరబోట్ల మీద సరంగుగా చేశాను. సరంగంటే బోటు నడిపేవాడు. తర్వాత ఇంట్లో పోరు పడలేక ఫైబరు పడవలు పోసే యార్డులో మేస్త్రీగా చేరాను. ఆ యార్డుకి విశాఖలో హోటలున్న ఒక షావుకారు ఇరవై ఎనిమిది అడుగుల పడవొకటి పురమాయించాడు. వల వేసే పడవ కాదు. డబ్బున్నవాళ్లు కర్రకి గేలం కట్టుకుని పెద్ద చేపతో గంటసేపు కుస్తీ పట్టి, దాంతో ఫొటో దిగే సరదా పడవ. దానికి కేబిను మీద చిన్న మేడ ఉంటుంది. ఇంగ్లీషులో ఫ్లైబ్రిడ్జి అంటారట, మేం పైమేడ అనేశాం. నడిపేవాడు అక్కడెక్కి నడుపుతాడు. పడవ తయారయ్యాక నన్నే నడపమన్నాడు షావుకారు. వెనక డెక్ మీద గేలాలు చూసుకోవడానికి దావీదుని పెట్టుకున్నాం.

దావీదు గురించి ఒక సంగతి ఇప్పుడే చెప్పేయాలి. పన్నెండేళ్ల కిందట ఒక పెద్ద బోటు మీద నేను సరంగుని, వాడు వెనక వల చూసేవాడు. వల తాడు దాన్ని లాగే మరకి చుట్టుకుంటుంటే వాడి కుడిచెయ్యి అందులో పడింది. రెండో చెయ్యి పైకెత్తాడు. మా బోట్లలో చెయ్యెత్తితే ఇంజను ఆపాలి. ఆ హోరులో కేకలు వినబడవు కాబట్టి మా భాష అదే. నేను కేబిన్లో కూర్చుని ముందుకి చూస్తూ నడుపుతున్నాను. నా వెనక చెక్కగోడ. వాడు ఎంతసేపు చెయ్యెత్తి ఉంచాడో నాకు తెలియదు. మూడు వేళ్లు పోయాయి. వాడు నన్ను ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఇప్పుడు ఈ కొత్త పడవ డ్రాయింగు హైదరాబాదు నుంచి వచ్చింది. పైమేడ ముందు మూల, కుడిచేతి వైపున స్టీరింగు. నడిపేవాడి వీపు వెనక ఆరుగురు కూర్చునే సోఫా. సోఫా వెనక ఎండ తగలకుండా గుడ్డ తెర. అంటే చెక్కగోడ పోయి గుడ్డగోడ వచ్చింది, అంతే తేడా. శుక్రవారానికి డ్రాయింగు ఖాయమవుతుంది, సోమవారం మేము ఫైబరు పోసే అచ్చు కోస్తాం. అచ్చు కోశాక స్టీరింగు జరపడమంటే పడవ మళ్లీ పొయ్యడమే. యార్డు ఓనరు "నేను ఫోన్లో చెబితే వాళ్లు ఇంగ్లీషు మాట్లాడుతున్నారు, నువ్వే వెళ్లిరా" అన్నాడు.

బయల్దేరుతుంటే దావీదు ఒక పొట్లం తెచ్చిచ్చాడు. ఎండు రొయ్యలు.

"ఆ బొమ్మలేసేవోళ్లకి ఇయ్యండన్నియ్యా. సముద్రం వాసనన్నా తెలుత్తాది" అన్నాడు.

మంగళవారం: కాగితాల వాన

అమీర్‌పేటలో ఆటో దిగి పది అడుగులు వేశానో లేదో నా చేతిలో పదకొండు కాగితాలున్నాయి. ఒక్కో కాగితం మీద ఒక్కో కోర్సు, అన్నిటి కిందా ఉద్యోగం గ్యారంటీ. కరెంటు స్తంభానికీ, చెట్టుకీ, టీ కొట్టు డ్రమ్ముకీ అవే కాగితాలు. గోడలు ఉన్నాయో, కాగితాలే గోడలై నిలబడ్డాయో తెలియలేదు. నాకు యాభై మూడేళ్లు, తల ముగ్గుబుట్ట. అయినా కాగితాలు పంచే మనిషి వదల్లేదు.

"అంకుల్, మీరు ఫ్రెషరా, ఎక్స్‌పీరియన్సా?"

"ఇరవై ఆరేళ్ల ఎక్స్‌పీరియన్సు" అన్నాను.

"దేంట్లో అంకుల్?"

"సముద్రంలో."

అతను ఒక్క క్షణం ఆలోచించి, "దానికిప్పుడు డిమాండ్ లేదంకుల్. టెస్టింగ్‌లో చేరండి" అని పన్నెండో కాగితం ఇచ్చాడు. హేళన చెయ్యలేదు పాపం, మనస్ఫూర్తిగానే సలహా ఇచ్చాడు.

డ్రాయింగు వేసినవాళ్లు ఒక మగపిల్లల హాస్టల్లో నాకు మంచం ఇప్పించారు. గదిలో నాలుగు మంచాలు. పక్క మంచం మీద ఒంగోలు నుంచి వచ్చిన శ్రీనివాసు అనే ఇంజినీరు పరీక్షకి చదివినట్టు ఏదో వల్లిస్తున్నాడు. అడిగితే, బెంగుళూరులో మూడేళ్లు బ్యాంకు ప్రాజెక్టు చేసిన తన అనుభవాన్ని బట్టీ పడుతున్నానని చెప్పాడు.

"బెంగుళూరు ఎలా ఉంటుంది బాబూ?" అన్నాను.

"చూళ్లేదండి. ఎవరైనా అడుగుతారని రెండు వీధుల పేర్లు నేర్చుకున్నాను."

మా దగ్గర అనుభవం రావాలంటే ఒళ్లు ఉప్పెక్కాలి, ఒకటి రెండు తుఫాన్లు చూడాలి. ఇక్కడ మూడు వారాల్లో మూడేళ్లది వస్తుంది, పైగా సర్టిఫికెట్టుతో. నాకున్న ఇరవై ఆరేళ్లకి ఒక కాగితం ముక్క కూడా లేదు. ఆ సంగతి ఆ నాలుగు రోజుల్లో నాకు చాలాసార్లు గుర్తొచ్చింది.

తిండి గురించి రాయమంటారేమో. బండి మీద ఇడ్లీ పది రూపాయలు, మా ఊళ్లో అప్పటికి ఆరు. పచ్చడి బాగుంది. ఇరానీ టీ చిక్కగా, తియ్యగా ఉండి అలవాటైతే మానలేనిదిగా తోచింది. హాస్టలు సాంబారు గురించి రాయాలంటే అందులో ఏదైనా ఉండాలి.

నాలుగో అంతస్తు

డ్రాయింగులు వేసే ఆఫీసు ఒక ఇరుకు బిల్డింగు నాలుగో అంతస్తులో ఉంది. పేరు చెప్పను గానీ అందులో 'గ్లోబల్' అనే ముక్క ఉంది. లిఫ్టు దగ్గర వాచ్‌మన్ యాదయ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"లిఫ్టు ఖరాబైంది అన్న. జర మెట్లెక్కి పోవాలె. నీళ్లు తాగి పో" అని సీసా అందించాడు. ఆ బిల్డింగులో నేనెవరో అడక్కుండా నాకు మంచినీళ్లిచ్చినవాడు అతనొక్కడే.

ఓనరు ప్రభాకర్ గారిది భీమవరం దగ్గర. ఇరవై ఏళ్ల కిందట హైదరాబాదు వచ్చి అపార్టుమెంట్లకి వంటగదులు గీసి పైకొచ్చాడు. విశాఖ షావుకారు హోటలుకి వంటగది గీసింది ఈయనే. అది నచ్చి, పడవ కూడా నువ్వే గీసెయ్ అన్నాడట షావుకారు. ఆ సాయంత్రం వరకూ నాకు ఆ ముక్క తెలియదు.

"రండి సూర్యారావు గారూ. మీలాంటి ప్రాక్టికల్ మనిషి ఒకరు వచ్చి ఓకే అంటే మాకూ తృప్తి" అని కుర్చీ చూపించాడు. నేను ఓకే అనడానికి వచ్చానని ఆయనే తీర్మానించేశాడు.

డ్రాయింగు వేసిన అమ్మాయి పేరు సుజాత. ఇల్లు బోరబండలో, తండ్రి సెంట్రింగు మేస్త్రీ. తల వంచుకుని పనిచేసే మనిషి. కంప్యూటరు మీద పైమేడ తెరిచి చూపించింది. రంగులు చూస్తే కళ్లు చెదిరాయి. స్టీరింగు కింద గ్రానైటు గట్టు, గట్టు కింద సొరుగులు, గ్లాసులు పెట్టుకోవడానికి నాలుగు గుంటలు. దిక్సూచికి అటొకటి ఇటొకటి పాటల స్పీకర్లు. స్పీకర్లో అయస్కాంతం ఉంటుంది, దాని పక్కన దిక్సూచి పెడితే ముల్లు అటే తిరిగి కూర్చుంటుంది. ఆ సంగతి చెబితే సుజాత వెంటనే రాసుకుంది.

అప్పుడు డ్రాయింగు మూల ఒక బాణం కనబడింది. బాణం మీద 'ఉత్తరం' అని రాసి ఉంది.

"ఇదేంటమ్మా?"

"నార్త్ మార్క్ అంకుల్. ప్లాన్‌కి నార్త్ ఉండాలి కదా. లేకపోతే సార్ ఊరుకోరు."

"పడవకి ఉత్తరం ఎటుంటుందమ్మా?"

ఆ అమ్మాయి తెర వంక చూసింది, నా వంక చూసింది. జవాబు ప్రభాకర్ గారు చెప్పాడు. పడవ ముక్కు తూర్పుకి పెట్టారు, శుభం కాబట్టి. ముక్కు తూర్పయితే ముందు కుడిమూల ఆగ్నేయం. ఇంజనంటే అగ్ని. కాబట్టి ఇంజను వేగం పెంచి తగ్గించే లివర్లూ స్టీరింగూ ఆగ్నేయంలో. నడిపేవాడు తూర్పు ముఖంగా.

నాకు అప్పుడు వెలిగింది. ఆగ్నేయం మూల, తూర్పు ముఖం, గట్టు, గట్టు కింద సొరుగులు! మహానుభావుడు పైమేడ మీద వంటిల్లు గీశాడు. పొయ్యి తీసేసి ఆ స్థానంలో స్టీరింగు పెట్టాడు.

తేరుకుని చెప్పాను. గేలానికి చేప పడ్డాక పడవ ఆ చేప చెప్పినట్టు తిరగాలి. చేప వెనక ఉంటుంది, గేలం పట్టుకున్నవాడు వెనక ఉంటాడు, సాయం చేసేవాడూ వెనకే. అప్పుడు నడిపేవాడు వెనక్కి తిరిగి, స్టీరింగుకి వీపు ఆనించి, చేతులు వెనక్కి పెట్టి లివర్లు ఆడిస్తాడు. అందుకే స్టీరింగు పైమేడ వెనక అంచున ఉండాలి, లివర్లు చెరో పక్క నడుమెత్తున ఉండాలి. సోఫా కావాలంటే ముందుకి వేసుకోండి.

"వెనక్కి తిరిగి నడుపుతారా!" అని నవ్వాడు ప్రభాకర్ గారు. "పడమర ముఖంగా?"

ఇంతలో దావీదు పొట్లం సంచిలో చిట్లింది. ఏసీ గదిలో ఎండు రొయ్యల వాసన ఎలా తిరుగుతుందో అనుభవించినవాళ్లకే తెలుసు. ఒకాయన ముక్కుకి రుమాలు కట్టుకున్నాడు, ఇంకొకాయన కిటికీ తెరవబోయి అది తెరుచుకునే కిటికీ కాదని తెలుసుకున్నాడు. సముద్రంలో తిరిగే పడవ గీస్తున్న ఆఫీసు సముద్రం వాసనకి ఖాళీ అయిపోయింది. సుజాత ఒక్కతే పొట్లం తీసుకుని మూడు కవర్లలో చుట్టి, "మా అమ్మకి ప్రాణం అంకుల్ ఇవి" అని టిఫిను సంచిలో పెట్టుకుంది.

బుధవారం: పంజాగుట్ట, ముల్లు లేని చేప

మర్నాడు ప్రభాకర్ గారు నన్ను భోజనానికి పంజాగుట్ట తీసుకెళ్లాడు. అమీర్‌పేట నుంచి నడిచి వెళ్లే దూరమే. కార్లో ముప్పావు గంట పట్టింది. ఫ్లైఓవరు స్తంభాలు ఇంకా లేస్తూ ఉన్నాయి, రోడ్డు సగం తవ్వి ఉంది. మిగిలిన సగంలో ఆసుపత్రులకి వెళ్లేవాళ్లు, చీరలు కొనేవాళ్లు, ఇంటర్వ్యూలకి టైలు కట్టుకుని పరిగెత్తేవాళ్లు ఒకరినొకరు తోసుకుంటున్నారు. మా ఊళ్లో హారను ఎవరినైనా హెచ్చరించడానికి కొడతారు. ఇక్కడ ఊపిరి తీసినట్టు కొడతారు.

ఆ రద్దీలోనే ఆయనకి ఉపాయం తట్టింది.

"సూర్యారావు గారూ, ఇంత గొడవెందుకు? స్టీరింగు ముందు ఒక అద్దం పెట్టేద్దాం. కార్లో లాగా. వెనకదంతా కనబడుతుంది."

నేను చుట్టూ చూశాను. ఆ జంక్షన్‌లో ఏ బండికీ పక్క అద్దం విప్పి లేదు. విప్పితే పక్కవాడు తగిలించుకుపోతాడని అందరూ మడిచేసుకున్నారు. ప్రభాకర్ గారి అద్దాలూ మడిచే ఉన్నాయి.

"మీ అద్దాలు తెరవండి ముందు" అన్నాను.

"ఇక్కడ కుదరదు కదండీ" అన్నాడాయన నిజాయితీగా.

హోటల్లో ముల్లు లేని చేప వేపుడు తెప్పించాడు. ఎర్రగా, కరివేపాకేసి, నోట్లో వేస్తే ఏ చేపో, అసలు చేపేనో చెప్పలేనట్టుగా ఉంది. ముల్లు తియ్యొచ్చు, నీచు తియ్యొచ్చు, రుచి కూడా తీసేశాక ఇంక దానికి చేపన్న పేరెందుకు? ప్లేటు ఖరీదు చూసి, మా జెట్టీలో అంత డబ్బుకి ఒక వంజరం చేప మొత్తం వస్తుందని లెక్క వేసుకుని నోరు మూసుకుని తిన్నాను. బిర్యానీ మాత్రం నిజంగా గొప్పది. దాన్ని వెక్కిరిస్తే కళ్లు పోతాయి.

తినడం అయ్యాక దావీదు సంగతి చెప్పాను. తాడు, చెక్కగోడ, ఎత్తిన చెయ్యి, మూడు వేళ్లు, అన్నీ. ఎవరికీ అంత వివరంగా చెప్పింది లేదు.

ప్రభాకర్ గారు చెంచా పక్కన పెట్టి పూర్తిగా విన్నాడు. "అయ్యో, చాలా బాధాకరమండీ" అన్నాడు. చెంచా మళ్లీ అందుకుని, "వెనక డెక్ మీద ఒక స్టిక్కరు వేయిద్దాం. జాగ్రత్త అని. తెలుగులోనూ వేయిద్దాం" అన్నాడు. తర్వాత ఐస్‌క్రీము తెప్పించాడు. చెడ్డవాడు కాదు ఆయన. నాకు ఎక్కువ కోపం తెప్పించింది అదే.

గురువారం: నీళ్ల ట్యాంకు మీద పైమేడ

మా యార్డులో ఒక పద్ధతుంది. ఏదైనా తేలకపోతే కాగితం పక్కన పడేసి, నేల మీద సుద్దముక్కతో నిజం కొలతలో గీసి, అందులో నిలబడి చూస్తాం. గురువారం పొద్దున్నే సుజాతని అడిగి బిల్డింగు డాబా మీదికి వెళ్లాను. డాబా మీద నీళ్ల ట్యాంకు, దాన్ని నిలబెట్టిన ఎత్తయిన శ్లాబు, శ్లాబుకి ఇనుప నిచ్చెన. ట్యాంకు పక్కన శ్లాబు మీద బోలెడు ఖాళీ. సరిగ్గా పైమేడ ఎత్తు. భగవంతుడు నా కోసమే కట్టించినట్టుంది.

శ్లాబు మీద పైమేడ గీశాను. కింద డాబా మీద వెనక డెక్ గీశాను. యాదయ్య ప్లాస్టిక్ కుర్చీలు మోసుకొచ్చి సోఫా వేశాడు. హాస్టలు దుప్పటి కట్టి తెర చేశాం. సుజాతని ఆగ్నేయంలో కూర్చోబెట్టాను, యాదయ్యని కింద దావీదు స్థానంలో నిలబెట్టాను.

"యాదయ్యా, నువ్వు చెయ్యెత్తు. అమ్మాయీ, యాదయ్య చెయ్యెత్తగానే ఆపు అని అరవాలి" అన్నాను.

యాదయ్య చెయ్యెత్తాడు. సుజాత తూర్పు ముఖంగా, కొంగు సర్దుకుని, ఎదురుగా ఉన్న కోచింగ్ సెంటరు బోర్డు చూస్తూ కూర్చుంది. కాసేపు గడిచింది. కింద వీధిలో ఎవరో మైకులో జావా క్లాసు మొదలైందని చెబుతున్నారు. ఇంకా కాసేపు గడిచింది.

"అమ్మా, చెయ్యి గుంజుతున్నది. దించాల్నా, ఉంచాల్నా?" అని కింద నుంచి అరిచాడు యాదయ్య.

సుజాత ఉలిక్కిపడి లేచింది. తెర పక్కకి తీసి వంగి చూసింది. యాదయ్య ఎండలో అలాగే చెయ్యెత్తుకుని ఉన్నాడు.

"ఎప్పుడెత్తారు?" అంది.

"ఎప్పుడో ఎత్తిన. నువ్వే చూడకపోతివి."

ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. ముందురోజు దావీదు కథ ఆమెకి కూడా చెప్పాను. కథగా విన్నదానికీ ఇప్పుడు చూసినదానికీ తేడా ఉంది. నా ముఖం కూడా ఆమెకి కనబడకుండా తిప్పుకున్నాను. తర్వాత ఆమెని వెనక అంచున, డెక్ వైపు తిప్పి నిలబెట్టి మళ్లీ చేశాం. యాదయ్య ఎన్నిసార్లు ఎత్తితే అన్నిసార్లు ఆపింది. ఆఖరికి అతను చెవి గోక్కున్నా ఆపింది.

ప్రభాకర్ గారిని పిలిపించాం. డాబా మీదికి వచ్చాడు. నిచ్చెన చూశాడు, నిచ్చెనకి పట్టిన తుప్పు చూశాడు, తన తెల్లచొక్కా చూసుకున్నాడు.

"నేను ఇక్కణ్ణుంచే ఊహించుకోగలను" అన్నాడు.

"ఒక్కసారి ఎక్కండి సార్" అంది సుజాత.

"డ్రాయింగ్ ఫ్రీజ్ అయిపోయిందమ్మా, ఇంక మార్పుల్లేవు. ఎక్కితే ఏమవుతుంది, దిగితే ఏమవుతుంది? రేపు పంపేస్తున్నాం. వాస్తుకి విరుద్ధంగా ఒక్క గీత కూడా నా ఆఫీసు నుంచి బయటికి పోదు. మా సిద్ధాంతి గారు చెప్పకుండా నేను షట్టరు కూడా ఎత్తను" అని దిగిపోయాడు.

సుజాత సుద్ద అంటిన చేతులు దులుపుకుని మెల్లగా అంది. "అంకుల్, సిద్ధాంతి గారు ఈ ప్లాన్ చూడనేలేదు. సారే కిచెన్ రూల్ వేసేశారు."

ఎర్రమంజిల్: ఫైళ్ల మధ్య సిద్ధాంతి

లంచ్ టైములో ఇద్దరం ఆటో ఎక్కి ఎర్రమంజిల్ వెళ్లాం. సిద్ధాంతి గారంటే పట్టుపంచె, విభూతి, పులిచర్మం ఊహించుకున్నాను. ఒక సర్కారు ఆఫీసులో ఫైళ్ల గుట్ట వెనక సగం చేతుల చొక్కాతో, పెరుగన్నం తింటూ దొరికాడు. నౌకరీ ఇది, వాస్తు సాయంత్రాలూ ఆదివారాలూ అట. వెక్కిరించడానికి నా దగ్గర కావలసినంత సరుకుంది, సిద్ధంగానే ఉన్నాను.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి డ్రాయింగు విప్పి చూశాడు.

"వంటిల్లు మంచిగనే ఉంది. మరి పొయ్యి ఏది?" అన్నాడు.

"ఇది వంటిల్లు కాదండి, పడవ" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "పడవకు ఉత్తరం బాణం ఎవరు పెట్టిన్రు?"

సుజాత తల వంచుకుంది. నేను మొదటి నుంచీ చెప్పాను. దావీదు దగ్గరికి వచ్చేసరికి ఆయన రాసే కలం మూత పెట్టి విన్నాడు.

"ఆ మనిషి ఇప్పుడెట్లున్నడు?" అని అడిగాడు.

మూడు రోజుల్లో ఆ మాట అడిగింది ఆయనొక్కడే. "పని చేస్తున్నాడండి. ఈ పడవలో వెనక నిలబడేది వాడే" అన్నాను.

"చూడు పెద్దాయనా. తిరిగేదానికి దిక్కు లేదు. బండికి లేదు, పడవకు లేదు. గీ ముచ్చట నీకు నేను చెప్పాల్సిన పని లేదు. కానీ మీ సారుకు 'వాస్తు లేదు' అని చెప్తే ఊకుంటడా? ఉందని చెప్పే ఇంకో సిద్ధాంతిని తెచ్చుకుంటడు" అన్నాడు. కాసేపు డ్రాయింగు మీద వేలితో కొట్టి, "నడిపేటోడు ఏడుండాలె?" అని అడిగాడు.

వెనక అంచు చూపించాను, కుడివైపుకి.

"ముక్కు తూర్పంటున్నరు. గప్పుడు వెనక కుడిమూల నైరుతి అయితది. నైరుతి యజమాని స్థానం. నీళ్ల మీద పోయినంక పడవకు యజమాని ఎవరు?"

"నడిపేవాడే" అన్నాను.

"గంతే" అని, పెరుగన్నం డబ్బా పక్కకి జరిపి ఒక తెల్లకాగితం మీద రాసిచ్చాడు. 'నడుపువానిది యజమాని స్థానము. నైరుతిలోనే నిలువవలెను. ముఖము అవసరమును బట్టి ఇరువైపులా తిప్పవచ్చును.' కింద సంతకం, తేదీ. ఏమివ్వమంటారని అడిగితే, ఇంకా పదిహేను ఫైళ్లున్నాయి, వెళ్లిరండి అన్నాడు. తెచ్చుకున్న వెక్కిరింపంతా నేను అలాగే వెనక్కి పట్టుకుపోయాను.

శుక్రవారం: నాలుగడుగుల దూరం

ప్రభాకర్ గారు కాగితం రెండుసార్లు చదివి, కళ్లకద్దుకున్నాడు.

"నైరుతి! నాకెందుకో మొదటి నుంచీ అదే అనిపిస్తోంది" అన్నాడు. "సుజాతా, ఫ్రీజ్ తీసెయ్."

దావీదు మూడు వేళ్లకి అంగుళం కూడా కదలని స్టీరింగు, సిద్ధాంతి గారి మూడు వాక్యాలకి నాలుగడుగులు వెనక్కి వచ్చింది. ఇది నేను వెటకారానికి రాయడం లేదు, సుజాత కొలిచి చెప్పింది. సోఫా ఆగ్నేయానికి పోయింది, తెర పోయింది, గ్రానైటు పోయింది. లివర్లు స్టీరింగుకి చెరో పక్కకి దిగాయి. నన్ను నిలబెట్టి టేపుతో నా నడుము కొలిచి ఆ ఎత్తే వేసింది. స్పీకర్లు దిక్సూచికి దూరంగా జరిగాయి. ఉత్తరం బాణం మాత్రం తియ్యడానికి ప్రభాకర్ గారు ఒప్పుకోలేదు. సరే, ఉండనీ అన్నాను. బాణం వెనక ఎవరూ నిలబడరు కదా.

మధ్యాహ్నం సుజాత టిఫిను విప్పింది. వాళ్లమ్మ దావీదు ఎండు రొయ్యల్ని వంకాయతో కలిపి వండి పంపింది. యాదయ్యని కూడా పిలిచాం. కాస్త కారం ఎక్కువ, చింతపండు తక్కువ. మా ఇంట్లో అయితే ఇంకాస్త పులుసు పెడతాం. అయినా ఆ నాలుగు రోజుల్లో నేను కడుపునిండా తిన్న తిండి అదే.

"మస్తుగుంది. గీ రొయ్యలు ఎండబెట్టినాయనకు నా దండం చెప్పు అన్న" అన్నాడు యాదయ్య. "చెయ్యి ఇంకా గుంజుతనే ఉందని సుత చెప్పు."

మళ్లీ ఉప్పునీళ్ల దగ్గర

సోమవారం అచ్చు కోశాం. మా వడ్రంగి డ్రాయింగు అటూ ఇటూ తిప్పి, "ఈ బాణం ఎటేపు బిగించమంటారు?" అని అడిగాడు. వాడికి అమీర్‌పేట గురించి ఎంత చెప్పినా అర్థం కాలేదు. అందుకే ఇదంతా కాగితం మీద పెట్టాల్సి వచ్చింది.

నాలుగు నెలలకి పడవ నీళ్లలో దిగింది. మొదటి రోజు నేనూ దావీదూ మాత్రమే వెళ్లాం. ఒడ్డు దాటి, కెరటాలు సర్దుకున్నాక, చేప పడితే ఎలా తిప్పాలో చూద్దామని నేను వెనక్కి తిరిగి, స్టీరింగుకి వీపు ఆనించి, చేతులు వెనక్కి పెట్టాను. లివర్లు సరిగ్గా అరచేతుల్లోకి వచ్చాయి. కింద వెనక డెక్ అంతా పళ్లెంలో పెట్టినట్టు కనబడుతోంది. దావీదు వంగి ఏదో తాడు సర్దుతున్నాడు.

ఉన్నట్టుండి నిటారుగా నిలబడి చెయ్యెత్తాడు. కుడిచెయ్యి. రెండు వేళ్లున్న చెయ్యి.

నేను రెండు లివర్లూ లాగేశాను. పడవ ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. నిచ్చెన దిగుతూ, దిగుతూ అరిచాను.

"ఏమైందిరా? ఏం తగిలింది?"

దావీదు చెయ్యి దించి, నా వంక చూశాడు.

"ఏం లేదన్నియ్యా" అన్నాడు. "కనపడతాదో లేదోనని సూసేను."